మొండితాళం ఇచ్చిన ఐదు నక్షత్రాలు

తమ్ముడూ,

క్షేమమా అని అడగను. నీకు జీతమిచ్చేవాళ్ళు నిక్షేపంలా ఉన్నారని ఫోను తెరిచిన ప్రతిసారీ తెలుస్తూనే ఉంది. ఫోనులో అరిస్తే నువ్వు "మీటింగులో ఉన్నానక్కా" అని పెట్టేస్తావు. కాగితం మీద అరిస్తే పెట్టేయడానికి బటన్ ఉండదు. అందుకే ఈ ఉత్తరం. కూర్చుని చివరిదాకా చదువు.

నిన్న పొద్దున షాపు షట్టరు ఇంకా సగమే ఎత్తాను, ఎదురు వరసలోని టైలరమ్మ వచ్చి నిలబడింది. మనిషి ముఖంలో రక్తం లేదు. చేతిలో ఉన్న తాళాన్ని తెచ్చి కౌంటరు మీద దభీమని పడేసింది.

"మీ నాన్న మాట నమ్మి కొన్నానమ్మా. రెండు రోజులు సెలవని కొట్టు మూసి మా అక్కని చూడ్డానికి వెళ్ళాను. వచ్చేసరికి రెండు మిషన్లూ లేవు. కుట్టి ఇస్త్రీ చేసి పెట్టిన బట్టలు లేవు. తాళం మాత్రం గుమ్మం ముందు బుద్ధిగా కూర్చునుంది."

"ఏ నాన్న మాట?" అన్నాను.

"నీకెంతమంది నాన్నలు?" అంది.

ఫోను తీసి చూపించింది. మీ కంపెనీ పేజీ. ఆ తాళం బొమ్మ. కింద మన నాన్న పెట్టుకున్న పేరు, మొండితాళం. పక్కన ఐదు నక్షత్రాలు. దాని కింద ఇలా ఉంది: "అద్భుతమైన తాళం! మా కుటుంబం మొత్తానికి నచ్చింది! వేగంగా చేరింది! తప్పక కొనండి!" తేదీ పోయిన నెలది, ఆవిడ అది చూసుకోలేదు. నాన్న పోయి ఎనిమిది నెలలైంది.

ఒళ్ళు జల్లుమంది. ఆ వెంటనే మండింది. నీకు తెలిసిన సంగతులే మళ్ళీ చెప్తాను, ఆ ఏసీ గదిలో కూర్చుని మరిచిపోయి ఉంటావు. నలభై ఏళ్ళు తాళాలు బాగుచేసిన మనిషి, మీ కంపెనీ వచ్చి జనం తాళాలు కూడా ఇంటికే తెప్పించుకోవడం మొదలెట్టాక, ఖాళీగా కూర్చోలేక వాటిని తెప్పించి ఒక్కొక్కదాన్నీ తెరిచి చూసి, ఉన్నదున్నట్టు రాయడం మొదలుపెట్టాడు. "హెయిర్‌పిన్ను. మూడు లెక్కపెట్టేలోపు. ఒక నక్షత్రం. అదీ అట్టపెట్టె బాగున్నందుకు." ఫోనుతో తెరుచుకునే తాళానికి ఏం రాశాడో గుర్తుందా? "ఇది దొంగని ఆపదు. యజమానిని ఆపుతుంది." ఆ రాతలు చదవడానికి ఎంతమంది ఎదురుచూసేవాళ్ళు! పేపరువాడు విడ్డూరాల మూలలో "తాళాలను తిట్టే తాత" అని వేస్తే నాన్న ఆ ముక్క కత్తిరించి అద్దానికి అంటించాడు.

నాలుగు నక్షత్రాలు దాటి ఎవరికీ ఇవ్వలేదు. అడిగితే "ఐదోది తాళం అక్కర్లేని ఇంటికి" అనేవాడు. ఇక ఆశ్చర్యార్థకం సంగతి సరేసరి. బతికినన్నాళ్ళూ ఆ మనిషి దేనికీ ఆశ్చర్యపోలేదు, పోయాక మీ కంపెనీలో ఒక్క రాతలోనే నాలుగుసార్లు ఆశ్చర్యపోయాడు.

"వాళ్ళ సరుకునే ఇలా తిడితే మావాడి ఉద్యోగానికి ఇబ్బందేమో నాన్నా" అని నేనంటే, "వాడి కంపెనీ కాబట్టే చెప్తున్నానే. తప్పులు తెలిస్తే బాగుపడతారు" అన్నాడు. అంత అమాయకుడు. తాళం లోపల ఏముందో చూడకుండానే చెప్పగలిగినవాడికి, మీవాళ్ళ లోపల ఏముందో తెలియలేదు.

టైలరమ్మ ఎదురుగానే ఆ తాళం మూసి హెయిర్‌పిన్ను పెట్టాను. ఆరు లెక్కపెట్టేసరికి నోరు తెరిచింది. చిన్నప్పుడు నలభై పట్టే నీకు కూడా పది చాలు. ఆవిడ తాళాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. నన్ను తిట్టినా బాగుండేది.

మీ వాళ్ళ సిగ్గులేనితనం నాకు కొత్త కాదనుకో. నాన్న ఫొటోకి ఫ్రేము తెప్పించానా, ఆ మర్నాటి నుంచి నెల్లాళ్ళు "ఇంకో ఫ్రేము కావాలా? మీలాంటివాళ్ళు మళ్ళీ కొంటున్నారు" అంటూ చంపుకుతిన్నారు. ఇంట్లో ఇంకెవరు పోవాలని వాళ్ళ ఉద్దేశమో! అప్పుడు నోరు మూసుకున్నాను. ఇది వేరు. ఆయనకి ఆస్తి లేదు, పాస్తి లేదు. ఉన్నదల్లా మాట. ఈ వీధిలో ఆయన "ఇది పెట్టుకోండి" అంటే కళ్ళు మూసుకుని పెట్టుకునేవాళ్ళు. ఆ మాట మీదే ఈ షాపు నిలబడి ఉంది, నేనూ నిలబడి ఉన్నాను.

నువ్వు ఆ కంపెనీలో వస్తువుల పేజీలు చూసే ఉద్యోగివి. ఆ పేజీ నీ కళ్ళ ముందే వచ్చి ఉంటుంది. తీయించు. ఎవరు రాశారో, ఎవరు రాయమన్నారో నాకు చెప్పు.

ఇంకో మాట. నాన్న బల్ల సొరుగు తాళంచెవి ఇంకా దొరకలేదు. నేను నిమిషంలో తీయగలను, తీయను. ఇంటివాళ్ళిద్దరం ఉండి, ఎరిగినవాళ్ళు ఒకరు సాక్షిగా నిలబడితేనే తీయాలి. నీతో కలిసి తీయాలని మాత్రం ఇప్పుడు నాకు లేదు.

నీకు అక్కగా పుట్టిన
తాళాల షాపుది

*

ఘనత వహించిన తమ్ముడికి,

నేను నాలుగు కాగితాలు రాస్తే నువ్వు ఫోనులో ఒక్క ముక్క పంపావు. "కొంచెం ఓపిక పట్టక్కా." ఎంత పొదుపో! ఎవరు రాశారని అడిగాను, చెప్పలేదు. ఎందుకు తీయలేదని అడిగాను, చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదంటే అందులో నీ చెయ్యి ఉన్నట్టే.

నీ మీద ఆశ వదిలేసి మీ కంపెనీకే ఫోను చేశాను. మనిషి దొరకలేదు. చివరికి తెర మీద ఒక మరబొమ్మ మాట్లాడింది. ఆ ముచ్చట నీకు వినిపించాల్సిందే.

"మా నాన్న ఖాతా మూసేయండి" అని రాశాను.

"తప్పకుండా! ఖాతాదారు స్వయంగా లోపలికి వచ్చి కోరాలి" అంది.

"ఆయన చనిపోయారు."

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఆయనకి ఏ సమయం వీలవుతుంది?"

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పెట్టేయబోతుంటే, ఈ సంభాషణకి ఎన్ని నక్షత్రాలిస్తారు అని అడిగింది. అక్కడ కూడా అవే! తల్లి కడుపులోంచి పుట్టిన పిల్లలకి కూడా నక్షత్రాలు వేయిస్తారు మీరు, ఇంకా ఆ ఆలోచన రాలేదంతే.

ఇంతకీ తాళం ఒక్కటే కాదు. వెతికితే బయటపడుతున్నాయి. మన నాన్న పోయాక ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తి మోకాళ్ళ నొప్పి పోగొట్టుకున్నాడు. పసిపిల్లల డైపర్లు మెత్తగా ఉన్నాయన్నాడు. ఎర్ర లిప్‌స్టిక్ తన ఒంటిరంగుకి బాగా నప్పిందన్నాడు! ఎవడు కనిపెట్టాడో గానీ ఆదివారం పేపర్లో, సరిగ్గా అదే విడ్డూరాల మూలలో వచ్చింది: "పోయిన తాళాల తాతకు లిప్‌స్టిక్ నచ్చింది." ఆ పక్కన రెండు తలల తాబేలు, ఈ పక్కన మన నాన్న. చదివినవాళ్ళు టీ తాగుతూ నవ్వుకుని పేజీ తిప్పేస్తారు. నేను తిప్పలేను కదా.

మొన్న బస్సు డ్రైవరు వచ్చాడు, పదిహేనేళ్ళుగా మన దగ్గరికే వచ్చే మనిషి. తలుపుకి ఏ తాళం మంచిదని అడిగాడు. ఇత్తడిది చూపించి ఇది పెట్టుకోండి అన్నాను. "ఇది నువ్వు చెప్తున్నావా, మీ నాన్నా?" అని నవ్వాడు. వేళాకోళమే, చెడ్డవాడు కాదు. కానీ తాళం కొనకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఈ వారంలో తాళంచెవికి నకలు తీయమని వచ్చినవాళ్ళు తప్ప తాళం అడిగినవాళ్ళు లేరు. టైలరమ్మ ఎదురుపడితే పక్కకి చూస్తోంది. అద్దె మిషను మీద కుడుతోందట, మొన్నటిదాకా తన సొంత మిషన్ల శబ్దం నా కొట్లోకి వినిపించేది.

నా కడుపులో ఉన్నది ఇవాళ కక్కేస్తున్నాను. నీ మీద నాకు ముందునుంచీ కోపమే. ఇరవై రెండేళ్ళు నాన్న పక్కన స్టూలు మీద కూర్చుని ఆకురాయి పట్టింది నేను. చేతులకి ఇత్తడి వాసన పోకపోతే పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ముక్కు చిట్లించింది నన్ను చూసి. నాన్న మాత్రం వచ్చినవాళ్ళందరికీ "మావాడు పెద్ద కంపెనీలో ఉన్నాడు" అని నీ గురించే చెప్పేవాడు. "మా అమ్మాయి చెయ్యి నాకన్నా చురుకు" అని ఒక్కసారంటే ఒక్కసారి బయటివాళ్ళతో అనగా వినలేదు. సరే, మింగేశాను. ఆయన గర్వంగా చెప్పుకున్న ఆ కంపెనీయే ఆయన నోరు తెరిచి లిప్‌స్టిక్ పూసింది. దానికి నువ్వు తలుపు తీశావు. పదోన్నతి కోసం చేశావో, పైవాడి మెప్పు కోసం చేశావో నాకు తెలియదు. నాన్న మాటని నువ్వే వాళ్ళ చేతిలో పెట్టావు.

ఇవాళే మీ కంపెనీకి రిజిస్టరు పోస్టులో ఫిర్యాదు పంపాను, నాన్న మరణ ధ్రువీకరణ పత్రం జత చేసి. అనుమతి ఎవరిచ్చారో సంతకంతో సహా చూపించమన్నాను. నీ సంతకం చూశాక షాపు మీద నాన్న పేరున్న బోర్డు దింపేస్తాను. అబద్ధం చెప్పే పేరు కింద నేను కూర్చోలేను. ఆ రోజుతో నీకూ నాకూ సరి.

ఇట్లు,
ఎవరో ఒకావిడ

*

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ బల్ల మీద పెట్టుకునే ఇది రాస్తున్నాను. నువ్వన్న వాటిలో చాలావరకు నిజాలే. స్టూలు సంగతి, ఇత్తడి వాసన సంగతి నాకు తెలియకపోలేదు. తెలిసీ ఎప్పుడూ మాట్లాడలేదు.

నాన్న ఖాతా ఇప్పుడు లేదు. నిన్న సాయంత్రం నాలుగున్నరకి తీసేశాను. ఎలా తీశానో నీకు చెప్పాలి.

ఇక్కడ ఒక ఏర్పాటు ఉంది. బాగా పేరున్న సభ్యుడు రాయడం ఆపేస్తే, అతని పాత రాతలు చదివి అతనిలా రాయమని ఒక యంత్రానికి అప్పజెబుతారు. ఇంటివాళ్ళ అనుమతి ఉంటే చాలు. నాన్నలా రాయడం దానికి రాలేదు, మెచ్చుకోమని ముందే నేర్పారు కాబట్టి తిట్టడం దానివల్ల కాదు. నీ మొదటి ఉత్తరం రాగానే మా పైఅధికారిని అడిగాను. "మొండితాళం రాస్తే జనం కొంటున్నారు, ఎందుకు ఆపాలి?" అన్నాడు. మళ్ళీ అడిగాను. మూడోసారి అడిగితే, నాన్న రాతలన్నీ కంపెనీ ఆస్తి అని ఒక కాగితం చేతిలో పెట్టాడు.

ఆ ఖాతా తెరిచే వీలు నాకు ఉద్యోగరీత్యా ఉంది. ఎవరూ చూడకుండా నిమిషంలో తీసేయొచ్చు. చెయ్యి రాలేదక్కా. ఆ పెద్ద భవనంలో ఫోను తాళాలన్నీ ఒక్కసారి మొరాయించి పద్నాలుగు ఇళ్ళవాళ్ళు మెట్ల మీద కూర్చున్న రోజు గుర్తుందా? ఒక్కొక్క తలుపుకీ ఎదురింటివాళ్ళు వచ్చి "అవును, ఇది వీళ్ళ ఇల్లే" అంటే తప్ప నాన్న పిన్ను ముట్టుకోలేదు. తాళం తీయగలిగిన ప్రతివాడూ దొంగ కాకపోవడానికి కారణం సాక్షేనని అన్నాడు ఆరోజు. నాన్నది తీయడానికి నాకూ సాక్షి కావాలనిపించింది.

ఈ ఆఫీసులో నాన్నని ఎరిగిన మనిషి ఒక్కడే. గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన. నాన్న ఒకసారి నన్ను చూడ్డానికొచ్చి, గేటు తాళం పట్టుకుని "ఎవడయ్యా దీన్ని పెట్టింది?" అని నిలదీశాడట. ఆయనకి ఇంకా గుర్తే. జరిగింది చెప్తే టోపీ సర్దుకుని నా వెంట పైకొచ్చాడు. పదిమంది మధ్య నిలబడి, "ఇది మా నాన్న ఖాతా. ఆయన లేరు. నేను ఆయన కొడుకుని" అన్నాను. "అవును సార్, ఈయన ఆ పెద్దాయన కొడుకే" అన్నాడాయన. అప్పుడు నొక్కాను.

అరగంటలో నా ఉద్యోగం పోయింది. నా గుర్తింపు కార్డు తీసుకుని గేటు దాటించమని ఆయనకే చెప్పారు. కార్డు తీసుకునే ముందు ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పర్లేదు బాబాయ్, మీ పని మీరు చేయండి అన్నాను.

నాన్న నిజంగా రాసినవి కూడా దాంతోపాటే పోయాయి, విడదీసే దారి లేదు. అందుకే ముందు వారం రోజులూ కూర్చుని వాటిని చేత్తో కాగితాల మీదకి ఎక్కించాను. రెండువందల పన్నెండు. ఏవి ఆయనవో పట్టుకోవడం కష్టం కాలేదు. నాలుగు నక్షత్రాలు దాటనివి, ఆశ్చర్యార్థకం లేనివి. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను.

అనుమతి ఎవరిచ్చారని అడిగావు. నేనే. నాన్న పోయిన వారం తల నా దగ్గర లేదు, చూసుకోకుండా నొక్కేశాను. మొదటి రోజే నీకు చెప్పాల్సింది, భయపడ్డాను. ఇక తిట్టు. బోర్డు మాత్రం దింపకు.

నీ తమ్ముడు

*

నా బంగారుతండ్రీ,

పోస్టుమాన్ రెండు కవర్లు ఒకేసారి తెచ్చాడు. లావుగా ఉన్నది నీది, పల్చనిది మీ కంపెనీది. నీది ముందు చదివాను. సెక్యూరిటీ ఆయన టోపీ తీశాడన్న దగ్గర ఆగి ముఖం కడుక్కొచ్చి మళ్ళీ చదివాను. చివర్లో "నేనే" అన్నది చూసి, చూశావా నేనన్నది నిజమే అని లోపల ఒక దరిద్రపు సంతోషం కూడా కలిగింది. దాచను. ఆ సంతోషంతోనే రెండో కవరు చించాను.

అనుమతి పత్రం నకలు పంపారు. తేదీ, నాన్న పోయిన నాలుగో రోజు. సమయం, మధ్యాహ్నం రెండూ పది. ఫోను నంబరు, షాపులోనే ఉండే నాన్న ఫోనుది. "మీ వ్యాఖ్య" అన్న గడిలో ఒక వాక్యం: "ఆయన మాట పోనివ్వకండి."

రాసింది నేనురా.

రెండూ పదికి నువ్వు మరణ ధ్రువీకరణ పత్రం కోసం ఆఫీసు వరండాలో నిలబడి ఉన్నావు. నేను షట్టరు సగం దించుకుని నాన్న స్టూలు మీద కూర్చున్నాను. ఆయన ఫోను కుయ్యిమంది. "మొండితాళం గారూ, మీ అభిప్రాయం కోసం ఎదురుచూస్తున్నాం." ఆయన సగం రాసి వదిలేసిన మాటలు ఉన్నాయక్కడ, "ఈ తాళం చూడ్డానికి" అని. చూడ్డానికి ఏమిటో రాయకుండానే వెళ్ళిపోయాడు. ఆయన ఇక లేరని నేను జవాబు కొట్టగానే తెర మారిపోయింది. ఈ సభ్యుడి మాటను ఏం చేయమంటారు అని అడిగింది. రెండే బటన్లు. ఒకటి "కొనసాగించు". రెండోది "శాశ్వతంగా తొలగించు".

నాలుగో రోజురా అది. ఆయన చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి. శాశ్వతంగా తొలగించు అన్న మాట మీద వేలు పెట్టగలిగే కూతురు ఎక్కడైనా ఉంటుందా? ఆ సంగతి వాళ్ళకి బాగా తెలుసు. తెలిసే ఆ మాట అక్కడ పెట్టారు. రాసినవి చెరపకుండా ఉంచుతారు కాబోలనుకుని నొక్కాను, ఏడుస్తూ ఆ గడిలో ఆ ముక్క కూడా రాశాను. ఆ తర్వాత మరిచేపోయాను.

నువ్వు మొదటి రోజే ఆ గడి చూశావు కదూ? నా మాట అందులో చదివావు. చదివి "ఓపిక పట్టక్కా" అన్నావు. నేను నీ నోట్లో గడ్డి పెట్టినట్టు తిడుతుంటే పడ్డావు. ఉద్యోగం పోయినా చెప్పలేదు, పైగా నేనే నొక్కానని నీ తల మీద వేసుకున్నావు. ఎంత అన్నాను నిన్ను! ఆ ఉత్తరాలు చించెయ్. వద్దు, ఉంచు. మళ్ళీ ఎప్పుడైనా నోరు జారితే నా ముఖాన కొట్టు.

మీ కంపెనీని మాత్రం వదలను. ఏడుస్తున్న మనిషి ముందు రెండు బటన్లు పెట్టి నొక్కించుకున్నవాడికి నా దగ్గర క్షమాపణ లేదు. కానీ నొక్కిన వేలు నాది. అందుకని ఆ కాగితం పట్టుకుని టైలరమ్మ దగ్గరికి వెళ్ళాను. కుడుతున్న మిషను ఆపలేదావిడ. మీ కొట్టు దోచుకుపోవడానికి దారి ఇచ్చింది మా నాన్న కాదు, నేను అని మొత్తం చెప్పాను. చేతిలో ఉన్న అంచు చివరిదాకా కుట్టింది. తర్వాత దారం కొరికి, "ఇవన్నీ సరే. నా గుమ్మానికి ఇంకా సరైన తాళం లేదు. అది ముందు చూడు" అంది. ఇత్తడిది బిగించాను. నేనే మూసి, నేనే పిన్ను పెట్టి, ఆవిడనే లెక్కపెట్టమన్నాను. రెండువందలు దాటింది, తెరుచుకోలేదు. మూడువందల దగ్గర "చాలమ్మాయ్, నాకు నిద్రొస్తోంది" అని మొదటిసారి నవ్వింది. ఎన్ని నక్షత్రాలిస్తావంది. నాలుగు అన్నాను.

నువ్వు చేత్తో రాసి పంపినవి షట్టరు లోపలివైపు వరసగా అంటించాను. పొద్దున షట్టరు ఎత్తితే చుట్టుకుపోతాయని, ఇప్పుడు పక్క గోడ మీదకి మార్చాను. బస్సు డ్రైవరు గంటసేపు నిలబడి చదివాడు. వాటిలో నూట అరవై మూడోది నేను ఎప్పుడూ చూడనేలేదు. ఏదో విదేశీ తాళం గురించి: "నా వల్ల కాలేదు. మా అమ్మాయి తీసింది. పదకొండు లెక్కపెట్టేలోపు. దాని చెయ్యి నాకన్నా చురుకు. మూడు నక్షత్రాలు." ఊరూవాడా చదివేచోట రాసి పెట్టాడురా, నాకు తప్ప అందరికీ చెప్పాడు. నువ్వు ఆ కాగితాన్ని అన్నిటికన్నా పైన పెట్టి పంపావు. ఒక్క ముక్క రాయలేదు దాని గురించి.

బోర్డు దింపలేదు. తుడిచాను.

సొరుగు ఇంకా మూసే ఉంది. సాక్షి కుదిరింది. కబురు పెడితే మిషను ఆపి వస్తానంది టైలరమ్మ. ఇంటివాళ్ళలో ఒకరం తక్కువున్నాం. రా. పిన్ను నీ చేతికే ఇస్తాను. నలభై దాటినా నేను లెక్కపెడుతూనే కూర్చుంటాను.

నీ అక్క